వడియాల పక్కన మోటారు

అమెరికాలోని మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో సుమతి ఇంటికి భోజనానికి వెళ్ళినవాళ్ళెవరూ బేస్‌మెంట్ చూడకుండా బయటపడిన దాఖలా లేదు. చేయి కడుక్కోగానే "ఒక్క నిమిషం కిందికి రండి" అంటుంది. అక్కడ గోడ పొడవునా పాత వాక్యూమ్ క్లీనర్లు బారులు తీరి ఉంటాయి. పొడుగువి, పొట్టివి, చక్రాలవి, చక్రాల్లేక ఇనుప పట్టీల మీద జారేవి. అన్నీ ఎవరో వాడి వాడి విసుగెత్తి, పాత సామాను అమ్మే థ్రిఫ్ట్ షాపుల్లో పడేసినవే, అన్నీ ఇప్పుడు పనిచేసేవే. వచ్చినవాళ్ళు మర్యాదకి "వావ్" అని, పైకొచ్చి ఐస్‌క్రీమ్ తింటారు. అది మర్యాదేనని సుమతికి తెలుసు. అయినా పిలవడం మానదు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, నరసింహని పెళ్ళాడి, డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఆయన కార్లకి బ్రేకులు డిజైన్ చేస్తుంటే ఈమె ఇంట్లో కూర్చుంది, ఎందుకంటే ఆ వీసాతో ఉద్యోగం చేయకుండా కూర్చోమని చట్టం చెప్పింది. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేసరికి కూతురు అనుష్క హైస్కూల్‌కి వచ్చేసింది. ఇంటర్వ్యూకి పిలిచిన ఒకరిద్దరూ రెజ్యుమెలో ఖాళీ సంవత్సరాల గురించే అడిగి, నవ్వి పంపేశారు. సరిగ్గా ఆ రోజుల్లో, వరలక్ష్మీ వ్రతం మర్నాడు, పీట చుట్టూ కార్పెట్ మీద ఒలికిన బియ్యప్పిండినీ పసుపునీ ఎత్తబోయి ఇంట్లో ఉన్న కొత్త వాక్యూమ్ ఊపిరాడక ప్రాణం విడిచింది. సుమతి థ్రిఫ్ట్ షాపు నుంచి ఓ ముసలిదాన్ని తెచ్చి, విప్పి, తుడిచి, లోపలి బ్రష్‌లు మార్చి స్విచ్ వేసింది. అది ఇల్లదిరేలా మోగింది. సుమతి దాన్ని ఆపకుండా అలాగే పట్టుకుని కాసేపు ఏడ్చింది, సంతోషంతోనే.

అత్తగారు ధనమ్మకి మాత్రం ఈ వ్యవహారం మొదటినుంచీ గిట్టదు. ఇల్లు మారితే పాత చీపురు అక్కడే వదిలేసి వచ్చే మనిషి ఆవిడ.

"ఊళ్ళోవాళ్ళ చీపుళ్ళన్నీ తెచ్చి ఇంట్లో పెట్టావు. లక్ష్మీదేవి ఎటునుంచి వస్తుందే అమ్మాయ్?"

"అవి చీపుళ్ళు కావత్తయ్యగారూ, మెషీన్లు."

"ఊడ్చేదేదైనా చీపురే."

ఈ వాదన ఏళ్ళ తరబడి నడిచింది. అనుష్కకి నిశ్చితార్థం కుదిరాక మాత్రం ముదిరింది. చుట్టాలు వస్తారు, బేస్‌మెంట్‌లో పరుపులు వేయాలి, కనక ఆ సరుకంతా పోవాలని ధనమ్మ తేల్చేసింది. నరసింహ ఎప్పటిలాగే ఫోన్ చూసుకుంటున్నాడు.

అప్పటికి వారం ముందే సుమతికి ఓ థ్రిఫ్ట్ షాపులో, తాను చాలాకాలంగా వెతుకుతున్న మెషీన్ కనిపించింది. రుబ్బురోలు పొత్రంలా నున్నగా, బరువుగా ఉండే ఉక్కు మెషీన్. ఎవరి బేస్‌మెంట్‌లోనో వరదనీళ్ళలో మునిగినట్టుంది, ఒంటినిండా బురద చారలు. మీటర్ పెట్టి చూస్తే మోటారు కాయిల్‌లో చెమ్మ చేరి, కరెంటు ఇనుప ఒంట్లోకి కారుతోంది. అలాగే ప్లగ్ పెడితే మోటారు మాడిపోతుంది, పట్టుకున్నవాళ్ళకి షాక్ కొడుతుంది. పాత వాక్యూమ్‌లు సేకరించేవాళ్ళ మిషిగన్ క్లబ్ పెద్ద గ్లెన్‌కి ఫొటో పంపితే, "వేరే మోటారు వేయండి, లేదంటే షెల్ఫ్‌లో అందంగా పెట్టుకోండి" అన్నాడు. ఆ "అందంగా" అన్న మాట సుమతికి ముల్లులా గుచ్చుకుంది. తనని కూడా ఈ దేశం ఇన్నాళ్ళూ షెల్ఫ్‌లో అందంగానే పెట్టింది మరి.

ఆ మంట మీదే అత్తగారితో అనేసింది. "ఈ ఒక్కటీ దాని సొంత మోటారుతో తిరగకపోతే, బేస్‌మెంట్ మొత్తం నేనే ఖాళీ చేస్తాను."

అనడమైతే అనేసింది గానీ ఆ పూట అన్నం సయించలేదు. వెనక ఒకసారి ఇలాగే తడిసిన మోటారుని తొందరపడి ఓవెన్‌లో పెడితే, తీగల మీది పూత బీటలు వారి అది ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఇప్పుడూ అదే జరిగితే పోయేది ఒక్క మెషీన్ కాదు.

దిగులుగా పెరటివైపు చెక్క డెక్ మీదికి చూస్తే అక్కడ ధనమ్మ పాత నేతచీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది. ఎండ ముదరకముందే పరవడం, ఒక పక్క ఆరాక తిప్పడం, మంచు దిగకముందే లోపలికి చేర్చడం. ఏ రోజూ తొందర లేదు. సుమతి చాలాసేపు చూసి, మోటారు విప్పి తెచ్చి చీర చివర పెట్టింది.

"తినేవాటి పక్కన ఆ దిక్కుమాలినదేంటే?"

"దీనికీ తడి ఆరాలండి. మెల్లిగా."

ధనమ్మ గొణుక్కుంటూనే ఒక కుర్చీ లాగి, మోటారుని వడియాలకి దూరంగా దానిమీద పెట్టించింది. ఆపైన పొద్దున్నే రెండూ ఎండలోకి వెళ్ళేవి, సాయంత్రం రెండూ లోపలికి వచ్చేవి. మీటర్‌లో అంకె రోజురోజుకీ మెరుగుపడుతోంది.

మెషీన్‌ని తిప్పి చూపాల్సిన క్లబ్ సమావేశం ఇంకో రెండు రోజులుందనగా, సుమతి పటేల్ స్టోర్‌లో కూరగాయలు ఏరుతుంటే మబ్బు పట్టింది. సరుకుల బండి అక్కడే వదిలేసి పరుగున కారెక్కింది. దారిలోనే వాన కుండపోతగా మొదలైంది. ఇల్లు చేరి డెక్ మీదికి చూసేసరికి చీరనిండా వడియాలు నీళ్ళలో తేలుతున్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగితే వంటింటి బల్ల మీద మోటారు, తువ్వాలు చుట్టి, పొడిగా. పక్కన ధనమ్మ జుట్టు తుడుచుకుంటోంది.

"అదేంటత్తయ్యగారూ, వడియాలు పోయాయిగా."

"నా మోకాళ్ళకి ఒక్క విడత వెళ్ళొచ్చే ఓపికే ఉంది. గుమ్మడికాయ మళ్ళీ తెచ్చుకుంటాం. నీ మొహం చూళ్ళేక చస్తున్నాను పది రోజులనుంచీ."

సుమతి ఆవిడ తల తానే తుడిచింది.

ఆ క్లబ్‌లో ఓ ఆచారం ఉంది. చచ్చిందనుకున్న మెషీన్‌కి మొదటి ప్లగ్ అందరి ముందే పెట్టాలి, ఇంట్లో రహస్యంగా చూసుకుని రాకూడదు. చర్చి హాల్లో కుర్చీలన్నీ నిండాయి. "చుట్టాలు దిగేలోపు తేలాల్సిందేగా" అంటూ ధనమ్మ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. సుమతి ప్లగ్ పెట్టింది. స్విచ్ నొక్కింది. మూలిగినట్టు ఒక శబ్దం, కాస్త కమురు వాసన. గ్లెన్ చెయ్యి ప్లగ్ మీదికి వెళ్ళింది.

"ఆగండి, అది పాత దుమ్ము," అంది సుమతి. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని నరసింహకే తెలియదు.

వాసన పోయింది. మూలుగు సన్నని ఈలగా మారింది, ఈల హోరైంది. గొట్టం పక్క టేబుల్ మీది గుడ్డని లాక్కుని గట్టిగా పట్టుకుంది. హాలంతా లేచి నిలబడింది. గ్లెన్ వంగి మోటారు చప్పుడు చెవి పెట్టి విని, తల పైకెత్తి అడిగాడు.

"కొత్త తీగ చుట్టి కాయిల్ ఎవరు రీవైండ్ చేశారు?"

"ఎవరూ చేయలేదు. ఎండబెట్టాం, మా అత్తగారూ నేనూ."

"మీరేం చేస్తుంటారు?"

ఎవరడిగినా సుమతి ఇన్నేళ్ళూ "ఇంట్లోనే ఉంటాను" అనేది.

"ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని," అంది.

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. సుమతి కన్నీళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూలేదు.

తిరిగి వస్తుంటే కారులో నరసింహ గొంతు సవరించుకుని, నిశ్చితార్థానికి పరుపులు ఎక్కడ వేయాలో ఇప్పుడైనా చెప్పమన్నాడు. ముందు సీట్లో మెషీన్ ఉంది కనక వెనక కోడలి పక్కన ఇరుక్కుని కూర్చున్న ధనమ్మ, కిటికీలోంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది.

"చుట్టాలకి హోటల్ బుక్ చెయ్యరా."