ఖాళీ బెల్టు మీద కొసరు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే దేనిమీదా లేదు, నమ్మకపోవడమే నా ఉద్యోగం. పొట్లం మీద అరకిలో అని అచ్చు వేసి ఉంటుంది. నా మిషన్ మాత్రం "ఏదీ, చూద్దాం" అంటుంది. అలా చూసే మిషన్‌ను చూసుకునే మనిషిని నేను. బడిలో లెక్కల్లో సున్నాలు తెచ్చుకున్నవాడికి తూకాల పని దొరకడమే ఒక వింత. కానీ నేను రాయబోయే వింత అది కాదు.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే దారిలో, చెరకు తోటల పక్కన, పసుపు పొడి ప్యాక్ చేసే చిన్న ఫ్యాక్టరీ మాది. పైన పెద్ద గరాటులో పొడి పోస్తారు. దాని అడుగున ఇనుప మర తిరుగుతూ పొడిని సంచిలోకి దించుతుంది. మూతి అతుక్కున్న పొట్లం బెల్టు ఎక్కి తూకం పలక మీదుగా సాగిపోతుంది. బరువు సరిపోతే ముందుకు. ఎక్కువైనా తక్కువైనా పక్కనుంచి ఒక గాలి తోపు, పొట్లం డబ్బాలో పడుతుంది. ఆగడం లేదు, అడగడం లేదు.

షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు ఆ తూకం మిషన్‌కు జడ్జి సాబ్ అని పేరు పెట్టారు. "అన్నను గూడ ఒక్కసారి ఎక్కియ్యుర్రి, ఎటు నూకుతడో సూద్దాం" అని నన్ను చూసి నవ్వేవారు. నా పొట్ట చూసినవాళ్ళెవరికైనా తీర్పు ముందే తెలుస్తుంది.

మిషన్ రాకముందు ఆ పని గంగవ్వది. చేతి కాటా, బీడీలు చుట్టి చుట్టి సన్నబడ్డ వేళ్ళు. ముల్లు నిలిచాక, మూతి కట్టే ముందు, ఇంకో చిటికెడు పసుపు పైన వేసేది. కొసరు. మా యజమాని సేఠ్ ఎంత కోప్పడ్డా మానలేదు.

"కొసరేస్తె ఇచ్చినట్టు కొడుకా. లేకుంటె ఉత్తగ కొలిసినట్టు" అనేది నాతో.

మిషన్ వచ్చాక ఆమెను డబ్బా దగ్గర కూర్చోబెట్టారు, తోసేసిన పొట్లాలు కోసి పొడిని మళ్ళీ గరాటుకు పంపడానికి. కొసరు వేయడానికి చోటే లేకుండా పోయింది. ఒక్కోసారి ఖాళీ వేళ్ళనే బెల్టు వైపు విదిలించేది. ఆ ఏడు వానాకాలంలో జ్వరంతో ఆస్పత్రిలో చేరి, తిరిగి రాలేదు.

ఆమె చోట కూతురు సుజాత వచ్చింది. భర్త లేడు. ఇంటికి వెళ్ళాక ఆమె కూడా బీడీలు చుట్టేది. పగటి కూడూ రాత్రి కూడూ ఆ రెండు చేతుల మీదే.

ఆమెను గరాటు దగ్గర నిలబెట్టారు. ముసురు పట్టినప్పుడు పొడి చెమ్మకు గడ్డకట్టి కిందికి దిగదు. కర్రతో పొడుస్తూ ఉండాలి. అసలైతే గరాటు మూత తెరవగానే మర ఆగిపోయేలా ఒక స్విచ్ ఉంది. మాటిమాటికీ పని ఆగుతోందని సేఠ్ ఆ స్విచ్‌ను నొక్కిపెట్టి దారంతో కట్టించాడు. మూత తెరిచినా మర తిరుగుతూనే ఉండేది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనూ ఇదే తంతు, కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

ముసురు పట్టిన ఒక రోజు పొద్దున బెల్టు ఖాళీగా ఉంది. ఖాళీ బెల్టు మీద మిషన్ సున్నా చూపాలి. నాలుగు గ్రాములు చూపిస్తోంది. బటన్ నొక్కితే సున్నా వచ్చింది, చెయ్యి తీయగానే మళ్ళీ నాలుగు. పలక తుడిచాను. గాలి కొట్టాను. ఫ్యాన్లు ఆపించాను. తూకం దగ్గర నేనే తూగుతున్నానేమోనని మొహం కడుక్కొచ్చాను. నాలుగే.

"గదేంది అన్నా?" అంది సుజాత.

దుమ్ము అన్నాను.

"మా అవ్వ చిటికె గంతనే ఉంటుండె."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

లారీ వచ్చి నిలబడిందని సేఠ్ తొందరపెడితే, మధ్యాహ్నం అన్నాలయ్యాక అలాగే మొదలుపెట్టాం. మొదటి పొట్లాన్నే మిషన్ తోసేసింది, బరువు ఎక్కువని. తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ. ఒకటి తీసి చేతి కాటా మీద పెట్టాను. సరిగ్గా అరకిలో.

"జడ్జి సాబ్‌కు పిచ్చి లేసింది" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

వరసగా అన్నీ తోసేయాల్సి వస్తే బెల్టు తనంతట తానే ఆగిపోతుంది. మిషన్‌లో ఉన్న ఏర్పాటే అది. ఆగింది. షెడ్డంతా నిశ్శబ్దం. అందులోంచి సుజాత అరుపు.

నేను రాస్తున్నది ఆ నిశ్శబ్దం గురించే. బెల్టు ఆగితే బెల్టు ఒక్కటే ఆగాలి. గరాటులో మర వేరు, దాని మోటారు వేరు, దాని కరెంటు వేరు. అది తిరుగుతూనే ఉండాలి. అది కూడా ఆ క్షణంలోనే ఆగిపోయింది.

కర్ర జారి గరాటులో పడితే సుజాత చెయ్యి పెట్టింది. మర వేళ్ళను పట్టేసింది. పానాతో మరను వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశాం. పసుపంతా ఎర్రబడింది. పారాణి రంగు. మా ఇంట్లో శుభకార్యాల్లో ఆ రంగు కలిపే చోటికి ఇప్పటికీ నేను వెళ్ళను.

ఉంగరం వేలు, చిటికెన వేలు పోయాయి. ఇంకొక్క చుట్టు తిరిగి ఉంటే మణికట్టు దాకా పోయేదని నిజామాబాద్‌లో డాక్టరు చెప్పాడు.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి అన్నీ చూశాను. స్విచ్ మీద దారం ముడి వేసింది వేసినట్టే ఉంది. ఫ్యూజు పోలేదు. ఆపే బటన్ గోడకు ఉంది, ఆ గోడ దగ్గర అప్పుడు మనుషులెవరూ లేరు. చెయ్యి అడ్డుపడి ఆగి ఉంటుందని సేఠ్ అన్నాడు. ఆ మర సుజాత కర్రను పుల్లలు పుల్లలుగా నమిలేసింది. వేళ్ళకు ఆగుతుందా? కరెంటు వేసి చూస్తే మామూలుగా తిరిగింది. ఆ సాయంత్రమే దారం కోసేశాను. సేఠ్ ఎదురుగానే.

హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చాడు. పలక కింద బరువు పట్టే భాగాన్ని కొత్తది వేశాడు. ఖాళీ బెల్టు మీద నాలుగు గ్రాములు అలాగే ఉన్నాయి. ఏమీ తోచక టీ తాగి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు సుజాత వచ్చింది, డబ్బా దగ్గర ఉండిపోయిన వాళ్ళమ్మ పీట తీసుకుపోవడానికి. అన్నాల వేళ, బెల్టు ఆగి ఉంది. కట్టు కట్టిన చేతిని కొంగులో దాచుకుని మిషన్ ముందు నిలబడింది. నాలుగు.

"సాలు తియ్యే అవ్వా" అంది మెల్లగా. "ఇగ నేను రాను గీడికి."

ఆమె బెల్టును ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. అంకె మూడైంది, రెండైంది, ఒకటైంది. ఆపైన సున్నా. ఆమె పీట చంకన పెట్టుకుని బోధన్ బస్సుకు వెళ్ళిపోయింది.

బీడీలు ఇప్పుడు చుట్టలేకపోతోంది. కొసరు వేసే రెండు వేళ్ళు మిగిలాయి కదా అని ఎవరో ఓదార్చబోతే, "కొసరే మిగిలింది, అసలు పోయింది" అందట.

రోజూ పొద్దున ఖాళీ బెల్టు నడిపి చూస్తాను. సున్నా వస్తుంది. మిషన్ బాగున్నట్టు లెక్క. బడిలో సున్నా చూసి నేనెప్పుడూ ఇంత దిగులు పడలేదు.