గోడ దాటకూడని లైటు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది, జహీరాబాద్‌లో హైవే నుంచి కాస్త లోపలికున్న మా వీధికి నల్లా నీళ్ళు వదిలే తమ్ముడు. ఆ పొద్దున వాల్వు తిప్పి, నేరుగా మా గేటు దగ్గరికొచ్చి మునిసిపాలిటీ కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు.

"అక్కా, ఇంటి బయటి లైట్లకు రూల్ వచ్చింది. ఎవరి ఎలుగు ఆళ్ళ గోడ లోపల్నే ఉండాలంట."

"ఎలుగుకు గోడ ఏం తెలుస్తది తమ్మీ?"

"నన్నడిగితె ఏం జెప్త? నీళ్ళయితె బంద్ జేస్త."

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. ఇంట్లోనే నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే ఏ కాగితమైనా కూడబలుక్కుంటూ చివరిదాకా చదువుతాను. అతను చెప్పింది నిజమే. బయటి లైటు కిందికి చూడాలి, రోడ్డు మీద పడకూడదు, ఇతరుల ఇళ్ళ మీదికి పోకూడదు.

మా గేటు లైటును ఎదురింటి మీదికి పోవాలనే పెట్టించాం. అక్కడ ఒంటరిగా ఉండే అవ్వ సాయంత్రాలు ఇంటి ముందు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు అమ్ముతుంది. ఆమె ఇంటి బల్బు తనను తాను చూసుకోవడానికే చాలదు. మా లైటు పడితేనే ఆమెకు పొయ్యి దగ్గర పని సాగేది. ఆ రొట్టెల మీదే ఆమె బతుకు.

మర్నాడు పొద్దు గూకే వేళ మునిసిపాలిటీ సారు నల్లా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. లైటు వేసి చూపించమన్నారు. వేసి, చేతులు జోడించాను. తమ్ముడూ, ఎదురుగా అవ్వా, రొట్టెల కోసం నిలబడ్డ లారీ డ్రైవర్లూ జోడించారు. సారు కూడా అలవాటుగా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. కళ్ళు తెరిచాక ఇక ఆర్పమని ఎలా అంటారు? దీపాలు పెట్టే వేళ ఆ మాట ఎవరి నోటా రాదు. గోడ దాటి వెలుగు ఎంతదాకా పోతోందో చూశారు.

"ఎదురింటోళ్ళకు ఈ లైటుతోని తక్లీఫ్ ఉందా?" అని చివరికి అడిగారు.

"ఉంది సారూ," అంది అవ్వ. "జర తక్కువ పడ్తుంది. ఇంకింత పెంచమను."

"నీకు మంచిదే గాని, నడుమ రోడ్డు మాదమ్మా. దాని మీద పడొద్దు."

"రోడ్డు మీద పడకుంట నా రొట్టెల పెంక మీద ఎట్ల పడ్తది సారూ? దుంకుతదా?"

సారు నిజంగానే ఆలోచించారు. నాకు జాలేసి మంచినీళ్ళిచ్చాను. "రేపటికల్లా కిందికి తిప్పుండ్రి" అని, అవ్వ ఇచ్చిన వేడి రొట్టె తింటూ వెళ్ళిపోయారు.

మా ఆయన నూనె డబ్బా కత్తిరించి లైటుకు టోపీలా తొడిగారు. వెలుగు బుద్ధిగా మా తులసికోట చుట్టూనే పడింది. ఆ సాయంత్రం అవ్వ రొట్టెలన్నీ మాడాయి. కొనేవాళ్ళు వెనక్కి తిరిగారు.

కాగితం మళ్ళీ చదివాను. వెలుగు ఆమె దగ్గరికి పోకూడదు గానీ, ఆమె వెలుగు దగ్గరికి రాకూడదని ఎక్కడా లేదు. మర్నాడు పొయ్యి మా వాకిట్లోకి వచ్చింది. వెనకే కొనేవాళ్ళూ వచ్చారు. తులసికోట ఉంది కదా అని చెప్పులు గేటు బయటే విప్పారు. ఆ చెప్పుల వరస చూసి, బస్సు దిగి వస్తున్న ఒక పెద్దాయన గేటు ముందు కొబ్బరికాయ కొట్టి దర్శనానికి నిలబడ్డారు. అవ్వ చేతిలో పెట్టిన రొట్టెను కళ్ళకద్దుకుని తిన్నారు.

"ఈడ ప్రసాదంల కారం గూడ పెడ్తరా అమ్మా?"

"అడిగినోళ్ళకే పెడ్త నాయినా."

పక్కన కూర్చున్న నేను అప్పుడే చూశాను. అంత వెలుగులోనూ అవ్వ రొట్టెను వేళ్ళతో తడిమి, కాలిందో లేదో తెలుసుకుంటోంది. వేళ్ళ కొసలకు బొబ్బలు. కళ్ళ మీద తెల్లటి పొర. ఇన్నేళ్ళూ రోడ్డు ఇవతలి నుంచి అది నాకు కనబడలేదు.

"ఎందుకు చెప్పలే అవ్వా?"

"చెప్తె దవాఖానకు పొమ్మంటవ్. రొట్టెలు ఎవలు చేస్తరు?"

"నేను చేస్త."

"నీ రొట్టె తడిమి జూసిన బిడ్డా. గుండ్రంగ యాడుంది? కర్ణాటక నక్ష లెక్కుంది."

ఎలాగో ఒప్పించాను. రేపు ఆమె కంటికి ఆపరేషన్. తులసమ్మకు మొక్కినప్పుడల్లా, ఆ రూలు రాసిన ఎవరో మహానుభావుడికి కూడా కలిపి మొక్కుతున్నాను. వెలుగుకు గోడ అడ్డం పెట్టకపోతే ఆమె నా పక్కన వచ్చి కూర్చునేది కాదు. సాయంత్రం మీ ఇంట లైటు వేసి చేతులు జోడిస్తారు కదా, అప్పుడు మా రొట్టెల అవ్వను ఒక్కసారి తలచుకోండి.