తవుడుకు కొన్న బిడ్డ

మా పనిలో పిల్లలకు పేర్లుండవు, నంబర్లుంటాయి. నిజామాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి, అందులో పిల్లల ఐసీయూ. అక్కడ పదేళ్లు నర్సుగా చేశాక నన్ను పరిశోధన పనిలో వేశారు. వెంటిలేటర్ దాకా వెళ్లి బతికి బయటపడ్డ పిల్లలు ఇంటికి పోయాక ఎలా ఉంటున్నారు, నడుస్తున్నారా, వింటున్నారా, మాటలొస్తున్నాయా అని ఏడాదిపాటు చూసి రాసుకోవడమే ఆ పరిశోధన. తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవడం నా పని. తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి వాళ్ల ఊరికి పోయి పిల్లలను పరీక్షించి ఫారం నింపడం కూడా నాదే. పాలు తాగే పిల్లలకు కూడా పరీక్షలు పెట్టే టీచరమ్మవు నువ్వొక్కదానివేనని మా ఆయన ఏడిపించేవాడు. మాకు పిల్లలు లేరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగిన దానికి ఇంకే సాకూ వెతకాల్సిన పని ఉండదు.

ఆ పాప ఒక వానాకాలం బోధన్ దగ్గరి చెరుకు ఊరి నుంచి వచ్చింది. ఏడాది దాటి రెండు నెలలు. మెదడు పొరలకు చీము పట్టే జ్వరం. ఫిట్స్ ఆగకపోవడంతో తొమ్మిది రోజులు మిషన్ మీద ఉంచారు. తండ్రి ట్రాక్టర్ నడుపుతాడు. తల్లికి ఇరవై రెండేళ్లుంటాయేమో, నోట్లోంచి మాట రావడమే కష్టం. ఇంటి పెత్తనమంతా ఆమె అత్తది. ఆ ముసలామెను ఐసీయూలో అందరం అవ్వా అనే పిలిచేవాళ్లం. ఈ పాపకు ముందు ఆ ఇంట్లో ఒక బిడ్డ నలభై రోజులకే పోయింది.

పరిశోధన అనగానే మామూలుగా జనం బెదురుతారు. మా పిల్ల మీద ప్రయోగాలు చేస్తారా అని నిలదీస్తారు. అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది, ఇంటికి పోయినంక కూడా మీరు అడుగుతారా అని. ఏడాదిపాటు అడుగుతామన్నాను. తమలాంటి వాళ్లను ఏడాదిపాటు అడిగే దిక్కు ఎవరున్నారంటూ కోడలి చేతికి పెన్ను ఇచ్చింది.

పాపను ఇంటికి పంపే రోజు మా డాక్టరు సారు చీటీ రాసి ఇచ్చాడు. ఈ జ్వరం పోతూ పోతూ చెవులను పట్టుకుపోగలదు, హైదరాబాద్‌లో చూపించండి అని చెప్పాడు. వాళ్లు తలూపారు గానీ ఇప్పట్లో వెళ్లరని అందరికీ తెలుసు. మూడు నెలలకు నువ్వు వెళ్తావు కదా, కాస్త అనుమానం వచ్చినా చెప్పు, నేనే బండెక్కించి పంపుతానని సారు నాతో అన్నాడు.

వరండాలోకి వచ్చాక అవ్వ సంచిలోంచి చిన్న మూట తీసింది. అందులో తవుడు ఉంది.

"మా ఇంట్ల పిల్లలు నిలుస్తలేరు బిడ్డా. ఇగ ఇది మాది గాదు, నీది. తవుడు పోసి కొనుక్కో."

ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. మా అమ్మగారి ఊళ్లోనూ తవుడుకు అమ్మిన పిల్లలు ఉండేవాళ్లు. కన్నవాళ్ల పిల్ల కాదని తెలిస్తే చావు ఆ ఇంటి జోలికి రాదని నమ్మకం. డ్యూటీలో ఉన్నాను అవ్వా అంటూ నవ్వబోయాను. ఆమె వినిపించుకోకుండా పాపను నా ఒళ్లో పెట్టేసింది. రోజూ పొద్దున ఆ పాప బరువు తూచి రాసింది నేనే. కానీ ఒళ్లో ఆ బరువే వేరు. దోసెడు తవుడు తల్లి కొంగులో పోశాను. "నా బిడ్డను సాదుండ్రి" అని, అంటే నా బదులు మీరే పెంచండని, నా నోటితో అనాలని అవ్వ పట్టుబట్టింది. అన్నాను. ఊడ్చే ఆమెతో సహా వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోటుకు అంటిన తవుడును మాత్రం ఆ రోజంతా దులుపుకోలేదు.

రూలు ప్రకారం నెలకు ఒక్కసారే ఫోన్ చేయాలి. నేను ప్రతి వారం చేశాను, ఎక్కడా రాయలేదు. నీ బిడ్డ బువ్వ తిన్నది, నీ బిడ్డకు రెండు పండ్లొచ్చినయి అని అవ్వ చెప్పేది. ఆ "నీ" కోసమే చేసేదాన్ని. ఇందులో దాచుకోవడానికేముంది.

మూడు నెలలు నిండాక బోధన్ బస్సెక్కాను. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ దాటి, షేర్ ఆటోలో ఊరు చేరాను. డ్యూటీకి కట్టుకునే చీర కాదు, మంచి చీర. బ్యాగులో ఫారంతో పాటు ఎర్ర గాజులు. పాప గోడ పట్టుకుని నిలబడింది, పప్పుగింజ వేళ్లతో ఎత్తింది. ఇక వినికిడి పరీక్ష మిగిలింది. దానికొక పద్ధతుంది. పిల్ల ఎదుట ఎవరూ ఉండకూడదు. వెనక నుంచి చిన్న గంటను ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు మోగించాలి. అవ్వ పాపకు ఎదురుగానే కూర్చుని ఉంది. లెమ్మని చెప్పలేకపోయాను. గంట ఒక్కసారి మోగించాను. అవ్వ నా వైపు చూసి నవ్వింది. పాప అవ్వ చూపును పట్టుకుని వెనక్కి తిరిగి నన్ను చూసింది.

రెండోసారి మోగించలేదు. తిరగదేమోనని భయమేసింది. "వింటోంది" అన్న గడిలో టిక్కు పెట్టి, పాపకు తెచ్చిన గాజులు బయటికి తీశాను. తల్లి గడప దగ్గర బియ్యం చెరుగుతూ మా వైపే చూస్తోంది. ఏమైనా అడగాలా చెల్లె అన్నాను. ఏం లేదక్కా అంది.

ఆరు నెలలకు వెళ్లేసరికి చెరుకు కోతలు జోరుగా సాగుతున్నాయి. ఆటో దిగి వాళ్ల వాకిలి వైపు నడుస్తున్నాను. పాప దారికి వీపు పెట్టి ఇసుకలో ఆడుకుంటోంది. వెనక నుంచి చెరుకు నింపిన ట్రాక్టర్ వచ్చింది. పెద్ద శబ్దంతో పాటలు, పైగా హారన్. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. అవ్వ ఇంట్లోంచి పరుగున వచ్చి పాపను ఎత్తుకుంది. చంక ఎక్కేదాకా ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు. గుప్పిట్లోంచి ఇసుక అలాగే జారవిడుస్తోంది.

అవ్వను లోపలికి పంపి, పద్ధతి ప్రకారం ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు గంట మోగించాను. ఒక్కసారీ తిరగలేదు. అప్పుడు ఆ తల్లి నా పక్కన వచ్చి కూర్చుంది. అన్ని నెలల్లో ఆమె నాతో అంత మాట్లాడింది అదే మొదటిసారి.

"నాకు ముందుగాలనే అనుమానమున్నదక్కా. ఎనుకకెల్లి పిలిస్తె మర్లి సూడకపోయేది. ఇంటదని నువ్వు రాసినవు గదా. సదువుకున్నదానివి, పిల్ల గూడ నీదాయె. నాకేం ఎరుకని ఊకున్న."

ఆమె నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది. పిల్ల నాదన్నందుకు కన్నతల్లి తన కళ్లను తానే నమ్మడం మానేసింది. తప్పు నాదేనని అవ్వ ముందూ ఆమె ముందూ ఒప్పుకున్నాను. అవ్వ పాప తల నిమురుతూ కూర్చుంది.

మరునాడు సారుకు చెప్పాను. మొదట వెళ్లినప్పుడు గంట ఎన్నిసార్లు మోగించావమ్మా అన్నాడు. ఒక్కసారే అన్నాను. మూడు నెలలు పోయాయి అని మాత్రం అన్నాడు. మా ఫారాల్లో తప్పును చెరపకూడదు. మీద ఒక గీత గీసి, కింద ఉన్నది కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. గీశాను. సారు ఆ పాపను మా సహోద్యోగికి అప్పగించి, ఇక నన్ను ఫోన్ కూడా చేయొద్దన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా చాలా కోపమొచ్చింది. ఇంటికి వెళ్లి మా ఆయన మీద చూపించాను.

పాపను హైదరాబాద్ పంపారు. రెండు చెవుల వెనకా వినికిడి మిషన్లు పెట్టారని విన్నాను. ఏడాది ఫారం మా సహోద్యోగి నింపింది. చూడకూడదనుకుంటూనే తెరిచాను. మిషన్ ఉంటే వెనక నుంచి పిలిచినా తిరుగుతోంది, మూడింటికి రెండుసార్లు అని రాసి ఉంది. దాన్ని ఉత్తరం చదివినట్టు మళ్లీ మళ్లీ చదివాను. ఆ పాపకు సంబంధించి పరిశోధన అక్కడితో అయిపోయింది. నంబర్లన్నీ బీరువాలోకి పోయాయి. నేనిక ఏ హోదాలో అడగాలి?

దసరా దాటాక ఒక ఆదివారం ఉండబట్టలేక వెళ్లాను. చేతిలో ఫారం లేదు. అవ్వ చేయి పట్టుకుని వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టింది. నాలుగడుగుల దూరంలో పాప మాకు వీపు పెట్టి చెరుకు ముక్క చీకుతోంది. జుట్టు పెరిగింది. చెవుల వెనక మిషన్లు కనబడుతున్నాయి. పొయ్యి దగ్గర నుంచి తల్లి పిలిచింది, గట్టిగా కూడా కాదు. పాప గిరుక్కున తిరిగింది. నా పక్క నుంచే పరుగెత్తి తల్లి కాళ్లను చుట్టేసింది. నేనెవరో దానికి తెలియదు.

ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, సంతోషం ఒక్కటే కాదు. పాప మళ్లీ వచ్చి మునుపటిలాగే అటు తిరిగి కూర్చుంది. తల్లి నన్ను చూసి, నా మనసులో ఉన్నది తెలిసినట్టే అంది.

"నువ్వు గూడ పిలువక్కా. ఇంటది."

పిలవాలని ప్రాణం కొట్టుకుంది. పేరు నాలుక దాకా వచ్చింది. మూడింటిలో ఆ తిరగని ఒక్కసారి నా పిలుపే అయితే? ఆటో వచ్చేదాకా ఆ మంచం మీదే, ఆ పాప వీపును చూస్తూ కూర్చున్నాను, పిలవకుండా.