వయ్యారిభామకి ఆ పేరెలా వచ్చిందంటే

మిల్లు గోడ వెంబడి వయ్యారిభామ మొక్క నడుమెత్తు పెరిగేది. గాలికి అటూ ఇటూ ఊగుతుంది, తలనిండా తెల్లపూలు. చూస్తే ముద్దొస్తుంది, ముట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు. అందుకే ఆ పేరు పెట్టారని పెద్దవాళ్ళ మాట. మేస్త్రి మాత్రం వేరే కథ చెప్పేవాడు.

కలుపు పీకడానికి ఎవరు కొత్తగా వచ్చినా, "ఈ మొక్కకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా?" అని అడిగేవాడు. తెలీదంటే కుంటామెను పిలిచి, "ఓసారి గేటుదాకా నడిచి రావే" అనేవాడు. దూదిబేలు మీదపడి ఆమె తుంటి విరిగింది ఆ మిల్లులోనే. లోపలి పనికి పనికిరాదని బయట కలుపులోకి తోశారు. ఆమె ఒక పక్కకి ఒరిగి ఊగుతూ నడిచేది. "చూశారుగా, ఈవిణ్ణి చూసే పెట్టారు." అందరూ నవ్వేవారు. ఆమే ముందు నవ్వేది. మూతి ముడుచుకున్నవాళ్ళు అక్కడ నిలవరు మరి.

ఇంట్లో మాత్రం ఈ సంగతి పొక్కనివ్వలేదు. "అక్కడ అందరూ నన్ను అక్కా అనే పిలుస్తారే," అని కూతురికి చెప్పుకునేది.

కూతురు పనిచేసే కుట్టుకొట్టు మూతపడింది. తల్లి మేస్త్రి కాళ్ళావేళ్ళా పడి పిల్లకి కలుపులో చోటు అడిగింది. "రేపొక్కరోజు ఆ నడక వద్దు బాబూ. నా పిల్ల చూస్తుంది."

"సరేలేవే, నాకు మాత్రం మనసు లేదా."

పొద్దున్నే కూతురి మోచేతులదాకా నూనె రాసి గుడ్డ చుడుతూ చెప్పింది. "పూత రాకముందే పీకాలి, వేరుతో సహా రావాలి. మేస్త్రి ఏమన్నా నవ్వెయ్యి. నవ్వనివాళ్ళకి మర్నాడు పనుండదు."

మేస్త్రి కొత్తపిల్లని చూస్తూనే పాత ప్రశ్న వేశాడు.

"తెలీదండి," అంది కూతురు.

"ఏయ్ వయ్యారిభామా, ఇంటిదగ్గర నీ పిల్లకి నేర్పలేదుటే? నడువు."

తల్లి నడిచింది. ఊగకూడదని ఒళ్ళు బిగబట్టింది. బిగబట్టేకొద్దీ తుంటి ఇంకా తిరిగింది. వెనక్కి తిరిగేసరికి అందరూ పొట్టలు పట్టుకుంటున్నారు. కూతురి మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఏం పిల్లా, అర్థం కాలేదా?" అన్నాడు మేస్త్రి.

తల్లి కళ్ళతోనే బతిమాలింది, నవ్వవే అని. కూతురు నవ్వింది.

వారం తిరక్కుండానే పిల్ల పనిలో కుదురుకుంది. ఒకనాడు మేస్త్రి పక్కన నిలబడి, ఎవరూ అడక్కుండానే, "వయ్యారిభామా, ఆ గంప ఇలా తే," అని కేకేసింది. అంతా గొల్లుమన్నారు.

"మా అమ్మేం అనుకోదులే," అంది కూతురు పక్కవాళ్ళతో.

తల్లి గంప నెత్తికెత్తుకుని, ఊగుతూ వెళ్ళి ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది.