ఎత్తి రాయని నాలుగు రోజులు

రెండేళ్ల కిందటి శ్రావణ మాసం, బుధవారం, పగలు మూడు గంటల నలభై నిమిషాలు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే బస్సు అప్పుడే లింగంపేట దాటింది. నా తప్పు అక్కడ మొదలైంది. అప్పటి నుంచి దాన్ని బదులు చెప్పగల మనిషి ఎవరికీ చెప్పలేదు. నాకిప్పుడు డెబ్బై మూడేళ్లు. ఈ వయసులో మనిషి ఒక్కొక్కటిగా దింపుకుంటూ పోవాలి కదా. నేను ఒకటి కొత్తగా ఎత్తుకున్నాను. దాన్ని దింపకుండానే పోతానేమోనన్న భయంతో మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియనక్కరలేదు.

ముందు నేనేం పని చేశానో చెప్పాలి. అది తెలియకపోతే నా మాటను ఊళ్లోవాళ్లంతా ఎందుకు నమ్మారో మీకు అర్థం కాదు.

మండల ఆఫీసులో ఇరవై ఆరేళ్లు వాన కొలిచాను. ఆవరణలో గద్దె మీద వానమాపకం ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులో చేరిన నీళ్లను గాజు కొలపాత్రలో పోసి, కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరుకు రెండు నియమాలు. వాన పడని రోజు కూడా సున్నా అని రాయాలి, ఖాళీగా వదలకూడదు. రాసిన అంకెను దిద్దకూడదు. తప్పు పోతే దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. గీత కింద పాత అంకె కనబడుతూనే ఉండాలి. రైతులు నన్ను మిల్లీమీటర్ల అవ్వ అని ఎగతాళి చేసేవాళ్లు. కానీ పంట మునిగినప్పుడు ఎంత వాన పడిందో నన్నే అడిగేవాళ్లు. నా అంకె తప్పిందని ఇరవై ఆరేళ్లలో ఒక్కరూ అనలేదు.

ఆ గర్వమే నా చేత ఇదంతా చేయించిందా? కొంత. అంతా కాదు.

రూతు సంగతి చెబుతాను. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం అరుగు మీద చిన్న బల్ల వేసుకుని ఫోన్లు బాగు చేసేది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. తల్లి కూలికి పోయేది. మొగపిల్లలు చేసే పనని ఊరంతా అన్నా, కామారెడ్డిలో ఏడాది ఒకరి కింద కూర్చుని నేర్చుకుని వచ్చింది. నా ఫోను బ్యాటరీ పాతబడిపోతే ఆమె దగ్గరికే పోయాను. శనివారం కొత్తది వేసింది. వారం రోజులు చూసి చెప్పమంది, తేడా ఉంటే ఇంకొకటి వేస్తానంది.

చూసి చెప్పమంటే నాకు ఒకటే తెలుసు. నోటుబుక్కు తీశాను. ఆదివారం పొద్దున ఆరింటికి నిండా నూరు. అక్కడి నుంచి గంట గంటకూ ఎంత మిగిలిందో రాశాను. సాయంత్రం ఆరింటికి యాభై రెండు. సోమవారం యాభై మూడు. మంగళవారం మళ్లీ యాభై రెండు. గంటకు నాలుగు చొప్పున దిగుతోంది. మంచి బ్యాటరీ. సాయంత్రం ఆరింటికి మళ్లీ చార్జింగ్ పెట్టేదాన్ని.

బుధవారం కామారెడ్డిలో కంటి డాక్టరుకు చూపించుకుని తిరిగి వస్తున్నాను. ఆపరేషన్ అయిన కన్ను కొత్తగా తేటపడి ఉంది. పక్కన కాలేజీ పిల్ల కూర్చుంది. ఆమె వేలు కదిలిస్తే తెర మీది బొమ్మలు పోచారం చెరువు నిండితే పొర్లే మత్తడి మీద నీళ్లు జారినట్టు జారుతున్నాయి. నా ఫోనులో అవే బొమ్మలు ఆగి ఆగి పోతాయి. నాకు ఆశ పుట్టింది. ఎందుకట్లా అని అడిగాను. ఆమె నా ఫోను తీసుకుని చూసింది. నా తెర సెకనుకు అరవై సార్లు మారుతోందట, దాన్ని నూట ఇరవై చేయొచ్చట, అయితే బ్యాటరీ తొందరగా దిగుతుందట. చేయమంటావా అవ్వా అని అడిగింది.

చెయ్యమన్నాను. కొత్త బ్యాటరీయే కదా అన్నాను.

ఇది మరిచిపోయానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆ పిల్ల స్పష్టంగా చెప్పింది, నేను స్పష్టంగా విన్నాను. అప్పుడు టైము చూసుకున్నాను కూడా, అలవాటు కొద్దీ.

గురువారం సాయంత్రం ఆరింటికి ఇరవై రెండు మిగిలింది. శుక్రవారం ఇరవై. తెర ఒక్కటే తినలేదు, నేనూ తిన్నాను. మెత్తగా జారుతుంటే నా వేలు ఊరుకోలేదు. ఆ వారం పోచారం నిండి మత్తడి దుంకుతోంది. ఎవరెవరో తీసి పెట్టిన బొమ్మలు పైకి తోస్తూ, కిందికి తోస్తూ గంటలు గడిపాను. గంట కాగానే అంకె రాశాను. ఎందుకు పడిపోయిందో తెలుసు కాబట్టి రూతు దగ్గరికి పోలేదు. అంతవరకు నేను తప్పు చేసినదాన్ని కాదు. తన బ్యాటరీని తన సుఖానికి ఖర్చు పెట్టుకున్న ముసలిదాన్ని, అంతే.

మా అక్క నాగిరెడ్డిపేటలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆమెకు అక్షరం రాదు. చిన్న బటన్ల ఫోను. రెండో బటన్ ఒత్తి పట్టుకుంటే నాకు కలిసేటట్టు నేనే పెట్టించాను. ఇంకెవరి నంబరూ ఆమె చేతికి రాదు.

సోమవారం సాయంత్రం ఆరింటికి ఫోను ఇరవై రెండుకు వచ్చింది. చార్జింగ్ పెట్టాను. అరగంటలో గాలివాన వచ్చి కరెంటు పోయింది. తెల్లారి ఆరింటికి చూస్తే ముప్పై ఎనిమిది ఉంది. జాగ్రత్తగా వాడుకోవాలని తెలుసు. అయినా మత్తడి బొమ్మలు చూశాను. పదకొండు గంటల యాభై నిమిషాలకు ఫోను ఆరిపోయింది. కరెంటు వచ్చినప్పుడు పెట్టొచ్చులే అనుకుని అన్నం తిని పడుకున్నాను.

కరెంటు సాయంత్రం నాలుగు గంటల నలభై ఐదుకు వచ్చింది. ఫోను తెరుచుకోగానే మెసేజీలు పడ్డాయి. అక్క నుంచి మూడు పిలుపులు. పన్నెండు ముప్పై ఐదు. పన్నెండు యాభై. ఒంటిగంట ఇరవై. తిరిగి చేస్తే ఎత్తలేదు. ఐదింటికి అక్క కోడలు నాట్లు వేసి ఇంటికి వచ్చి, గడప లోపల పడి ఉన్న అక్కను చూసింది. ఫోను చేతిలోనే ఉందట. బొటనవేలు బటన్ మీదనే ఉందట.

పక్షవాతం. కుడి పక్క పోయింది. మాట పోయింది. కామారెడ్డి ఆస్పత్రిలో డాక్టరు, మధ్యాహ్నమే తెచ్చి ఉంటే మాట దక్కేదేమో అన్నాడు. ఆయన నన్నేమీ అనలేదు. మామూలుగా చెప్పాడు. అక్క కొడుకు నంబరు నా దగ్గర ఉంది. అతను నాట్లు వేస్తున్న మడి ఇంటికి అర కిలోమీటరు. నేను ఒక్క పిలుపు ఎత్తి, ఒక్క పిలుపు చేస్తే సరిపోయేది.

అక్క మంచం పక్కన కూర్చుని లెక్క వేశాను. వేయకుండా ఉండలేకపోయాను. బస్సులో ఆ మార్పు చేయించకపోతే సోమవారం సాయంత్రానికి ఫోనులో యాభై రెండు ఉండేది. అరగంట చార్జింగుతో తెల్లారేసరికి అరవై ఎనిమిది. గంటకు నాలుగు చొప్పున దిగితే పదిహేడు గంటలు. మంగళవారం రాత్రి పదకొండు దాకా నా ఫోను బతికి ఉండేది. లెక్క మళ్లీ వేశాను. అదే వచ్చింది.

దాన్ని భరించలేకపోయాను. నిజం అంతే. మా అక్క చావుబతుకుల్లో నన్ను మూడుసార్లు పిలుస్తుంటే, ఆ పిలుపుకు దాచుకోవలసినదాన్ని బొమ్మలు మెత్తగా జారడానికి ఖర్చు పెట్టానన్న మాట నా ఒంట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకెవరైనా మోయాలి. ఇంకెవరున్నారు?

గురువారం పగలు రెండు గంటలకు ఆస్పత్రి ఎదురు దుకాణంలో కొత్త నోటుబుక్కు కొన్నాను. వరండాలో బల్ల మీద కూర్చుని పాత పుస్తకం అందులోకి ఎత్తి రాశాను. ఆది, సోమ, మంగళ, బుధ వదిలేశాను. గురువారం నుంచి మొదలుపెట్టాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. రాసినవన్నీ నిజాలే. రాయనివి నాలుగు రోజులు. ఇరవై ఆరేళ్లు ఒక్క గడి ఖాళీగా వదలని చెయ్యి, మూడు గంటలు కొట్టేసరికి ఆ పని పూర్తి చేసింది. వణకలేదు.

శుక్రవారం పది గంటలకు రూతు బల్ల ముందు నిలబడ్డాను.

"అవ్వా, పెద్దవ్వకు ఎట్లున్నది?" అని ముందు అదే అడిగింది.

పుస్తకం బల్ల మీద పెట్టాను. అక్క పిలిచినప్పుడు నా ఫోను ఎందుకు ఆరిపోయి ఉందో ఇందులో ఉందన్నాను. "చదువు."

"గిదేంది అవ్వా, ఫోనుకు జరమొస్తే చార్టు రాసినవా?" అని నవ్వుతూ పేజీ తిప్పింది. ఇంకో పేజీ. నవ్వు పోయింది. "గింత దిగొద్దే. నేను మంచిదే ఏసిన. ఏమన్న సెట్టింగు మార్చినవా? ఎవల చేతికన్న ఇచ్చినవా?"

"లేదు."

"ఫోను జర ఇటియ్యి, చూస్త."

"ఇంక నీ చేతికియ్య."

జిరాక్స్ దుకాణం ఆయన లోపలి నుంచి వచ్చాడు. జిరాక్సులకు వచ్చిన నలుగురైదుగురు కూడా చుట్టూ చేరారు. "రూతూ, అవ్వ లెక్కకు ఎదురు చెప్తున్నవా? తాసిల్దారే చెప్పలే," అన్నాడాయన.

"లెక్క తప్పు అంటలేను అన్నా. శనివారం నేను బ్యాటరీ ఏసిన. పుస్తకమేమో బేస్తవారం కాడ షురువైంది. నడిమి దినాలు ఏవి అవ్వా?"

ఆ పిల్ల ఒక్క నిమిషంలో పట్టుకుంది. నాలాంటి కన్ను. ఆఫీసులో నా తర్వాత ఎవరైనా వానమాపకం దగ్గర నిలబడాలంటే అట్లాంటి పిల్ల నిలబడాలి. అప్పుడైనా చెప్పాల్సింది. అడ్డగీత కొట్టి పక్కన నిజం రాయాల్సిన క్షణం అదే. నేనేమన్నానో వినండి.

"మా అక్క నోరు వడిపోయింది. నువ్వు నన్ను దినాల లెక్క అడుగుతున్నవా?"

రూతు చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది.

"సోమారం లోపట బల్ల తీసెయ్యి బిడ్డా," అన్నాడు దుకాణం ఆయన. కోపంగా కూడా అనలేదు.

మధ్యాహ్నం కామారెడ్డి బస్సులో కూర్చుని తెరను మళ్లీ అరవైకి మార్చాను. ఎట్లా మార్చాలో ఆ కాలేజీ పిల్ల చేస్తున్నప్పుడు చూసి పెట్టుకున్నాను. మరునాటి నుంచి గంటకు నాలుగు. అదే బ్యాటరీ. ఈ రోజుకూ నడుస్తోంది.

ఇంతటితో అయిపోతే రూతు నన్ను తిట్టుకునేది, నేనూ తట్టుకునేదాన్నేమో. ఆదివారం సాయంత్రం ఆమె చర్చి నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. రెండు కొబ్బరి బోండాలు తెచ్చింది. నన్ను ఏమీ అడగలేదు. అక్క ఎడమ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత మెల్లగా, "పెద్దవ్వా, నేను సూస్కోకుంట ఖరాబు బ్యాటరీ ఏసినట్టున్న. మాఫ్ చెయ్యి," అంది.

నమ్మింది. తన చేతులు చేసిన పని తనకు తెలిసి ఉండి కూడా, నా పుస్తకాన్ని నమ్మింది. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు పడిపోయింది అక్కకు కాదు, నాకని అనిపించింది. అట్లా అనుకోవడం కూడా దొంగతనమే. నా నోరు బాగానే ఉంది.

ఆమె మళ్లీ ఎక్కడా బల్ల వేయలేదు. కామారెడ్డిలో తనకు పని నేర్పినాయన రమ్మన్నా పోలేదట. ఫోను విప్పాలంటే చేతులు వణుకుతున్నాయని చెప్పిందట. ఇప్పుడు భిక్నూర్ దగ్గర రోడ్డు మీది ధాబాలో రొట్టెలు చేస్తుంది.

కిందటి నెల అక్కడికి పోయాను. సంచిలో పాత నోటుబుక్కు పెట్టుకున్నాను, ఆ నాలుగు రోజులు ఉన్నది. ఆమె ముందు పెట్టి, చదువు బిడ్డా అనాలని దారంతా అనుకుంటూ పోయాను. ఆమే నన్ను చూసి, పిండి చేతులు కడుక్కుని చాయ్ తెచ్చింది. "పెద్దవ్వ ఎట్లున్నది?" అని అడిగింది. అట్లనే ఉన్నదన్నాను. చాయ్ తాగాను. తిరుగు బస్సు ఎక్కాను. నోటుబుక్కు సంచిలోనే ఉంది.

ఎందుకు తీయలేదు? ఆమె కోపానికి భయపడలేదు. తీస్తే నా ఇరవై ఆరేళ్ల అంకెలన్నీ అనుమానంలో పడతాయని భయపడ్డాను. ఎప్పుడో పడి, ఎప్పుడో ఇంకిపోయిన వానల కోసం ఒక పిల్ల చేతులను అట్లాగే వదిలేసి వచ్చాను. ఇది రాస్తుంటే నాకే అసహ్యం వేస్తోంది.

అక్కకు మాత్రం చెప్పాను. పోయిన మంగళవారం, ఇద్దరమే ఉన్నప్పుడు, బస్సు దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అక్క కళ్లు నా వైపు తిరిగాయి. గొంతులో ఏదో శబ్దం వచ్చింది. కోపమో, దాహమో తెలియలేదు. నీళ్లు ఇచ్చాను. తాగింది.

మీకు ఇంత చెప్పాక ఊపిరి కాస్త లోపలికి పోతోంది. అంతకు మించి నేనేమీ అడగను. రూతుకు చెప్పనంతవరకు ఇది సగం ఒప్పుకోలు మాత్రమేనని తెలుసు. ఆ నోటుబుక్కు సంచిలోంచి తీయలేదు. సంచి మేకుకు వేలాడుతోంది.

లెక్క ఇది. పుస్తకంలో ఎత్తి రాయని రోజులు, నాలుగు. అందుకోని పిలుపులు, మూడు. అక్క మాట, మొత్తం. ఆ రోజు ఆమె నాకు ఏం చెప్పాలనుకుందో, అది కూడా. జిరాక్స్ దుకాణం అరుగు మీది బల్ల, ఒకటి. పని తెలిసిన చేతులు, రెండు. బ్యాటరీలో లోపం, సున్నా.