సుజాత చెబుతుండగా నిద్రపోయాను

ఒక రోజు కొత్తగూడెం దగ్గర రైల్వే గేటు పడితే వ్యాన్ ఆపాను. గేటు పడటం గుర్తుంది, లేవడం గుర్తులేదు. వెనక లారీ డ్రైవర్ దిగివచ్చి తలుపు బాదితే మెలకువ వచ్చింది. పట్టపగలు. ముందు రోజు రాత్రి కంటినిండా నిద్రపోయినవాడిని. ఎండ ప్రభావమేమో అనుకున్నాను.

ఎండాకాలం అడవి ఊళ్ల నుంచి బీడీలు చుట్టే తునికాకు తోలడం నా పని. ఇంట్లో నా గురక అందరికీ వేళాకోళం. మా బామ్మర్ది పిండిమిల్లు అనేవాడు. నా భార్య సుజాత మాత్రం నవ్వేది కాదు. "నిద్రల నీకు ఊపిరి ఆగుతాంది. నేను కుదిపితేనే మళ్ల వస్తాంది. దవాఖానకు పోదాం పా" అనేది. నిద్ర జబ్బున్న డ్రైవర్‌కు బండి ఎవరిస్తారని కసురుకునేవాడిని. చెప్పి చెప్పి విసిగి, తనే బండిలో నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. దారి పొడవునా మాట్లాడేది. నా రెప్పలు వాలితే కొరకమని పచ్చిమిరపకాయ ఇచ్చేది.

అడవిలో ఒక మలుపు దగ్గర, తునికాకు ఆరబెట్టే కల్లం రోడ్డుకు దిగువన ఉంది. బండి దించాలంటే రోడ్డు అంచున ఇనుప రెయిలింగ్ అడ్డం. నేనే స్పానర్ పట్టి ఒక ముక్క విప్పాను. సీజన్ అయ్యాక బిగించాలి. రేపు మాపు అంటూ వదిలేశాను. బోల్టులు నా టూల్‌బాక్స్‌లోనే ఉండిపోయాయి.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం భద్రాచలం నుంచి తిరిగివస్తున్నాం. సుజాత తన చెల్లెలి సంగతేదో చెబుతోంది. సగమే విన్నాను. కళ్లు తెరిచేసరికి బండి కల్లంలో బోల్తా పడి ఉంది. రెయిలింగ్ ఉంటే గీసుకుపోయి ఆగేవాళ్లమేమో. నేను విప్పిన సందులోంచే పడ్డాం.

నాకు పక్కటెముకలు విరిగాయి. ఆమెకు తలకు తగిలింది. ఖమ్మంలో సీటీ స్కాన్ చూసి, మెదడులో ఎడమవైపు బ్లీడింగ్ ఉందని సర్జరీ చేశారు. ప్రాణం నిలబడింది, మాట పోయింది. ఐసీయూ బయట డాక్టర్ ఆమె పరిస్థితి చెబుతుండగానే నేను కునికాను. ఆయన భుజం తట్టి, "బండి నడిపేటప్పుడు గూడ గిట్లనే అయితదా?" అని అడిగారు. అబద్ధమాడే ఓపిక లేక అవునన్నాను. రాత్రంతా వైర్లు తగిలించి నిద్రను పరీక్షించే స్లీప్ స్టడీ చేయించారు. సివియర్ స్లీప్ ఆప్నియా అట, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. సుజాత ఎప్పుడో చెప్పిందే మెషిన్ కూడా చెప్పింది.

మూడో వారం ఆమె "నీళ్లు" అంది. వార్డంతా తిరిగి చెప్పుకున్నాను. నాలుగు రోజులకు ఫిట్స్ వచ్చి ఆ ఒక్క మాటా పోయింది. "స్పీచ్ థెరపీ చేయిద్దాం. మాట వస్తదని మాత్రం నేను గ్యారంటీ ఇయ్యలేను" అన్నారు డాక్టర్.

ఇప్పుడు మాస్కు పెట్టుకుని, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మెషిన్‌తో పడుకుంటున్నాను. గురక లేదు, పగలు కునుకు రాదు. నా జబ్బు అదుపులోకి వచ్చినందుకు సిగ్గుగా ఉంటుంది. బండి మానేశాను. ఆమెకు అన్నం కలిపి పెడతాను, బొమ్మల కార్డులు చూపిస్తాను. పెదవులు కదుపుతుంది, మాట రాదు. మొన్న ఆ మలుపుకు వెళ్లి రెయిలింగ్ బిగించి వచ్చాను. ఎందుకో నాకే తెలియదు.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. నిద్రలో మీ ఊపిరి ఆగుతోందని పక్కన పడుకునే మనిషి అంటే, వెంటనే స్లీప్ స్టడీ చేయించుకోండి. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టకండి. సుజాత నాకు రెండేళ్లు చెప్పింది. ఆ రోజు చెల్లెలి గురించి ఏం చెప్పబోయిందో, ఆ మిగతా సగం నాకు ఇప్పటికీ తెలియదు.