కవర్ల మాస్టారి మైక్రోస్కోపు

కాలేజీలో జీవశాస్త్రం చెప్పే ఆయన్ని పిల్లలు కవర్ల మాస్టారు అనేవారు, ఆయన వినకుండానే అనుకోండి. పాఠం మాత్రం ఆయన నోటే వినాలి. ఊలు దారం, చెక్క పూసలు తెచ్చి, ఒక్కో పూసకీ దారం చుట్టి చూపించేవారు.

"మనిషికన్నా పొడవైన డీఎన్‌ఏ ఇలా ప్రోటీన్ పూసలకి చుట్టుకుని కంటికి ఆనని కణంలో ఇమిడిపోతుంది. చుట్ట బిగిసిన చోట జన్యువుని నకలు తీసే ఎంజైము దూరలేదు. ఆ జన్యువు ఉన్నా లేనట్టే. చుట్ట వదులైతేనే నకలు, నకలుంటేనే కణానికి పని."

ఇంత చెప్పి, గంట మోగగానే ఆ ఊలునీ పూసల్నీ కవరు మీద కవరులో కట్టి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. చెప్పే పాఠం ఒంటబట్టకపోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

కాలేజీకి కొత్త మైక్రోస్కోపు వచ్చి ఏళ్ళు గడిచాయి. దానికి ప్లాస్టిక్ తొడుగు, ఆపైన ఇంకోటి, సందు లేకుండా టేపు. పిల్లల చేతికిస్తే పాడైపోతుందని ఆయన బెంగ. పిల్లలేమో, ఆయన కింద పనిచేసే చిన్న మేడం గదిలో, మరలు వదులైన పాత మైక్రోస్కోపు చుట్టూ మూగేవారు.

ఆ ఏడు శాఖాధిపతి రిటైరవుతున్నాడు. మాస్టారి ప్రాణాలన్నీ ఆ కుర్చీలోనే ఉన్నాయి. తనిఖీకి వచ్చే పెద్దావిడ ఎవరి పేరు చెబితే కుర్చీ వాళ్ళది.

ఆవిడ ఎదుటే మాస్టారు టేపు కోసి తొడుగులు విప్పారు. మైక్రోస్కోపు తళతళలాడింది. రంగు పట్టించిన కణాల స్లైడు పెట్టి, ముందు తానే చూసి, ఉబ్బితబ్బిబ్బయ్యారు.

"చూడండి మేడం. ముదురుగా ఉన్నచోట డీఎన్‌ఏ బిగిసి ఉంది. లేతగా ఉన్నచోట వదులైంది. మన అదృష్టం బాగుంది, విడిపోయిన దారాలే కనబడుతున్నాయి."

ఆవిడ చూసింది. "ఇందులోంచి డీఎన్‌ఏ దారాలు కనబడవు కదండీ. స్లైడు కాస్త జరపండి."

జరిపారు.

"కణాలు జరిగాయి, దారాలు జరగలేదు. మీరే చూడండి మాస్టారూ. అది కటకానికి పట్టిన బూజు. చెమ్మ లోపలే ఉండిపోయింది, గాలాడలేదు."

తర్వాత ఆవిడ చిన్న మేడం గదికి వెళ్ళి, పిల్లల మధ్య చాలాసేపు కూర్చుంది. కుర్చీ ఎవరిదో ఇంక చెప్పాలా?

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డారు. దుకాణంలో వేసిన ప్లాస్టిక్ ఇంకా దాని మీదే ఉంది. కిర్రుమంది. జరిగిందంతా విన్న భార్య లోపలికెళ్ళి కత్తెర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కాసేపు తటపటాయించి, ఓ మూల నుంచి కోయడం మొదలుపెట్టారు.

"ఆకుపచ్చా ఇది?" అన్నారు, కొత్తగా చూస్తున్నట్టు.

"మా నాన్న ఏరికోరి కొనిచ్చిన రంగు," అంది ఆవిడ. "ప్లాస్టిక్ మీద జారిపోతున్నానని, పోయేదాకా మనింటికొస్తే కిందే కూర్చునేవాడు."